కోరంగి మొగలో నీటి దారి

నది తన ప్రయాణం ముగించి సముద్రంలో కలిసే చోటును గోదావరి తీరపు జనం ‘మొగ’ అంటారు. గాడిమొగ వంటి ఊళ్ల పేర్లలో ఆ మాట నేటికీ నిలిచి ఉంది. భూగోళ శాస్త్రం నదీముఖద్వారమని పిలిచే ఈ చోట పోటు వేళ ఉప్పునీరు పాయల్లోకి ఎక్కుతుంది, పాటు వేళ నది మంచినీటిని వెంటబెట్టుకుని వెనక్కి దిగుతుంది. ఈ రెండింటి కలయిక వల్ల అటు సముద్రానికీ ఇటు నదికీ చెందని ఒక మూడో నీరు, ఆ నీటికే అలవాటుపడిన చెట్లు, చేపలు, పక్షులు పుట్టుకొస్తాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠలుగా చీలిన గోదావరిలో, గౌతమి నుంచి ఉత్తరానికి విడివడి కాకినాడ అఖాతంలోకి పారే కోరంగి, గాడేరు అనే చిన్న పాయల చుట్టూ పెరిగిన మడ అడవి అటువంటి సృష్టే. తుపాను, ఉప్పెన, పెరుగుతున్న సముద్రమట్టం వంటి వాతావరణపు ఒత్తిళ్లను గోడలతో కాక చెట్లతో, బురదతో, నీటి కదలికతో తట్టుకునే పద్ధతికి ‘ప్రకృతి ఆధారిత పరిష్కారాలు’ అని పేరు పెట్టినది ఇటీవలే: 2008లో ప్రపంచ బ్యాంకు ప్రచురణలో కనిపించిన ఈ మాటకు 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ నిర్వచనాలు ఇచ్చాయి. పేరు కొత్తదే గాని, కోరంగిలో ఆ సంగతి తేలడానికి రెండు శతాబ్దాల నష్టం పట్టింది.

సికింద్రాబాద్ పాఠకుడికి ఈ మొగ దూరపు చోటుగా తోచవచ్చు. కాని ఆ నగరం 1965 నుంచి తాగుతున్న మంజీర నీరు గోదావరి ఉపనదిదే. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. 2015 నుంచి ఎల్లంపల్లి జలాశయం ద్వారా గోదావరి నీరే నేరుగా జంట నగరాలకు చేరుతోంది. సికింద్రాబాద్ మీదుగా కాకినాడకు వెళ్లే రైలుకు పెట్టిన గౌతమి అన్న పేరు ఈ పాయదే. పైన వాడుకున్న నీటికీ, ఆపుకున్న మట్టికీ లెక్క చివరికి కింద మొగలో తేలుతుంది కాబట్టి, కోరంగి చరిత్రలో దక్కను పీఠభూమికీ కొంత వాటా ఉంది.

ఈ తీరాన్ని జనం మొదట చూసినది పుణ్యక్షేత్రంగా. గోదావరి సప్తర్షుల పేర్లతో ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందన్న నమ్మకం మీద ఏర్పడిన సప్తసాగర యాత్ర, పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో తుల్యభాగ కలిసే చోట స్నానంతో మొదలవుతుంది. అందుకే ఆ రోజుకు చొల్లంగి అమావాస్య అని పేరు. తరువాతి స్నానం ఆత్రేయ పాయ కలిసే కోరంగిలో. పాయలు పూడిపోవడం, కొత్తవి తెరుచుకోవడం, గట్టు జరిగిపోవడం సహజమైన ఈ నేలలో, ఒక రాయి దగ్గర కాక నీళ్లు కలిసే చోట స్నానం చేయమన్న ఆచారం, స్థిరంగా ఉండని తీరాన్ని స్థిరం కానిదిగానే ఒప్పుకుంది. తరువాత వచ్చిన వర్తకులకు ఆ ఓపిక లేదు.

18వ శతాబ్దంలో ఈ చుట్టుపక్కల ఐరోపా కంపెనీలు వరుసగా కొలువుతీరాయి: కాకినాడ జగన్నాథపురంలో డచ్చివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు. వారికి కావలసినది గోదావరి జిల్లాల నేత బట్ట. దానిని ఎక్కించడానికి ఓడ నిలిచే చోటు కావాలి. కోరమాండల్ తీరమంతా అలలకు బట్టబయలుగా ఉండగా, నది లోపలికి ఓడను తెచ్చి మరమ్మతు చేసుకునే వీలున్న కోరంగి, హుగ్లీకీ ట్రింకోమలీకీ నడుమ ఓడల వైద్యశాలగా పేరు తెచ్చుకుంది. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఎబెనీజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు బ్రిటిషు యుద్ధనౌకలను సైతం మరమ్మతు చేయగల డాకును ఇక్కడ నిర్మించాడు. పక్కనే ఉన్న తాళ్లరేవులో కొయ్య ఓడలు కట్టే పని ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. ఓడను అలల నుంచి కాపాడింది ఒండ్రుతో ఏర్పడిన పాయలూ, వాటి గట్లపై అల్లుకున్న మడ చెట్లూ అయినా, రేవు లెక్కల్లో మడ చెట్టుకు వంటచెరకు విలువ తప్ప మరేదీ పడలేదు.

ఆ డాకు కట్టడానికి ముందే, 1789 డిసెంబరులో వచ్చిన తుపాను ఆ రేవును ఒక్క రోజులో తుడిచిపెట్టింది. కొన్ని దశాబ్దాల తరువాత ఫ్రెంచి యుద్ధనౌక ఆర్తెమీజ్‌పై ఈ తీరానికి వచ్చిన నావికాధికారి లాప్లాస్ రాసిపెట్టిన కథనం ప్రకారం, సముద్రం నిండు పోటు మీద ఉన్న సమయంలో మూడు మహా కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అవి లంగరు వేసిన ఓడలను గట్టుకు తోసి, ఊరిని ముంచి, బురద మేటల కింద శవాలను సైతం వెతకనీయకుండా కప్పేశాయి. మృతులు 20,000 మంది అని చెప్పుకున్నారు. ఈ కథనాన్ని సేకరించి తన పుస్తకంలో చేర్చినవాడు హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెన్‌గా పనిచేసి కలకత్తాలో స్థిరపడిన ఆయన, సుడి తిరిగే ఈ గాలివానలకు పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు కల్పించి, 1848లో వెలువడిన తన నావికుల చేతిపుస్తకంతో దానిని ప్రచారంలోకి తెచ్చాడు. ప్రపంచమంతా నేడు వాడే ఆ మాట వెనక ఉన్న ఉదాహరణలలో కోరంగి ఒకటి. గాలికి కొత్త పేరు వెతుక్కోవలసి వచ్చిన ఇంగ్లీషులో, గాలి తోసుకొచ్చే నీటికి ‘తుపాను కెరటం’ అనే జోడుమాటే దిక్కయింది. తెలుగులో దానికి ‘ఉప్పెన’ అనే ఒక్క మాట అప్పటికే ఉంది. ఒక భాషకు అటువంటి మాట ఊరికే అబ్బదు.

1839 నవంబరులో కోరంగిని మరో ఉప్పెన ముంచింది. ఆ విపత్తులో 3 లక్షల మంది చనిపోయారనీ, 20,000 పడవలు నాశనమయ్యాయనీ ప్రపంచ తుపానుల జాబితాలలో కనిపించే అంకెలను నమ్మడం కష్టం. ఒక చిన్న రేవు పట్టణమూ దాని చుట్టుపట్ల పల్లెలూ కలిసినా అంత జనం, అన్ని పడవలు ఉండే అవకాశం తక్కువ. 1789, 1839 సంఘటనల వివరాలు ఒకదానిలో మరొకటి కలిసిపోయి, ఒక జాబితా నుంచి మరొక జాబితాకు ఎక్కినట్టు తోస్తుంది. అంకెలను తగ్గించినా నష్టం తీవ్రత తగ్గదు గాని, అతిశయోక్తి వల్ల ఒక అపకారం జరిగింది: ఎవరూ తట్టుకోలేని ప్రళయంగా చూపిన సంఘటనలో, ఏ ఊరు ఎందుకు మునిగింది, ఏది ఎందుకు తేరుకుంది అన్న ప్రశ్న అడగాలని చరిత్రకారులకు తట్టలేదు. అడిగినవాడు పిడింగ్టనే. 1853లో సుందరవనాల అంచున, మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని కంపెనీ ప్రభుత్వం ఆలోచిస్తున్నప్పుడు, అది ఎప్పుడో ఒకప్పుడు ఉప్పెనకు బలి కాక తప్పదని ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. ఆ మాట ఎవరికీ రుచించలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867 నవంబరు తుపానులో అది దెబ్బతిని, కొద్ది ఏళ్లకే మూతపడింది.

కోరంగి అంతకన్నా నెమ్మదిగా అంతరించింది. ఓడలు లోపలికి రావలసిన ముఖద్వారంలో ఇసుక మేట ఏటేటా పెరగగా, పెద్ద ఓడలు బయటే ఆగిపోయి, 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో వర్తకమంతా కాకినాడకు తరలిపోయింది. నది తెచ్చిన ఇసుకే గౌతమి మొగ నుంచి ఉత్తరానికి కొమ్ములా సాగి, 19వ శతాబ్దం మధ్య నుంచి నేటికి సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ దీవిగా పెరిగి, కాకినాడ అఖాతానికి అడ్డుకట్టగా నిలిచింది. ఒక రేవును పూడ్చిన మట్టి మరో రేవును కాపాడడం నదికి తెలిసి చేసిన న్యాయం కాదు గాని, కాకినాడ లంగరుగట్టు ప్రశాంతతకు కారణమైన నిర్మాణాన్ని ఏ ఇంజనీరూ కట్టలేదన్నది గుర్తుంచుకోదగినది. కోరంగి పేరు మాత్రం ఓడలెక్కి బర్మా చేరింది: రంగూను రేవులో, వరి మిల్లుల్లో పనికి వెళ్లిన తెలుగువారందరినీ అక్కడ కోరంగీలన్నారు, 1930 మే నెలలో రంగూనులో డాకు కూలీలపై జరిగిన హింసకు గురైనవారూ వారే.

రేవు పోయాక మిగిలినది అడవి. ఉప్పునీటిలో బతకడానికి మడ చెట్లు చేసుకున్న ఏర్పాట్లు చెబితేనే తరువాతి కథ అర్థమవుతుంది. గాలి చొరబడని బురదలో తెల్లమడ, నల్లమడ చెట్ల వేర్లు నేల నుంచి సూదుల్లా పైకి లేచి పాటు వేళ గాలి పీలుస్తాయి. పొన్న చెట్లు కాండం నుంచి ఊతకర్రల వంటి వేర్లు దించుతాయి. వాటి విత్తనం చెట్టున ఉండగానే మొలకెత్తి, నీటిలో పడి తేలుతూ వెళ్లి అనువైన బురద దొరికిన చోట నిలుస్తుంది. పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదమని కోతగాళ్లు భయపడే తిల్ల చెట్టు కాస్త మెరక నేల మీద పెరుగుతుంది. వీటన్నిటికీ ఒకే షరతు: పోటు నీరు రావాలి, వచ్చిన నీరు పాటుతో తిరిగి పోవాలి. నిలిచిన ఉప్పునీరు మడ చెట్టుకు విషంతో సమానం.

20వ శతాబ్దంలో చాలాకాలం ప్రభుత్వ అటవీ నిర్వహణ ఈ అడవిని వంటచెరకు గనిగా చూసింది. అడవిని భాగాలుగా విడదీసి, ఒక్కో ఏడు ఒక్కో భాగాన్ని మొదలంటా నరికి, కొన్ని ఏళ్లకు అది తిరిగి పెరుగుతుందని లెక్కవేయడం మెరక అడవుల్లో పనికొచ్చిన పద్ధతి. మడ నేలలో జరిగినది వేరు. నీడ పోయిన బురద ఎండకు తేమ కోల్పోయి కుంగింది; అంచుల కన్నా నడిమి భాగం పల్లమై పళ్లెంలా తయారైంది; పెద్ద పోటుకు లోపలికి వచ్చిన సముద్రపు నీరు బయటికి పోయే దారి లేక అక్కడే ఆగి ఎండి, ప్రతి ఎండుకూ మరింత ఉప్పు మిగిల్చింది. కొట్టిన చెట్టు స్థానంలో కొత్త చెట్టు రాలేదు. వట్టి ఉప్పు పర్రలైన ఆ మచ్చలకు పశువుల మేత, కట్టెల కోసం జనం నరకడమే కారణమని ప్రభుత్వ నివేదికలు చాలాకాలం చెప్పాయి. పేదవాడి గొడ్డలి మీద నేరం మోపడం ఎప్పుడూ సులువే.

1978లో కోరంగి అడవిలో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యమైంది. నీటిపిల్లి, నీటికుక్క, హోప్ దీవి ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు రక్షణ పొందాయి. అభయారణ్యపు హద్దు గీత లోపల గొడ్డలి ఆగినా, గీత బయట 1980ల చివరి నుంచి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. టైగర్ రొయ్య ధర చూసి డెల్టా అంచున మడ భూములు, వరిచేలు చెరువులయ్యాయి. చెరువు గట్లు పోటు నీటి దారులను మూసివేశాయి. తీరంలో పోటు హద్దు నుంచి 500 మీటర్ల లోపు కట్టడాలను నియంత్రిస్తూ 1991లో వచ్చిన తీర ప్రాంత ప్రకటన ఉండగానే ఇదంతా జరిగింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ హద్దు లోపలి వాణిజ్య రొయ్యల చెరువులను తొలగించమని తీర్పునిచ్చింది.

ఆ తీర్పుకు ఐదు వారాల ముందు, నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయిన వారిలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎక్కువ. తీరాన ఎంత దట్టమైన అడవి ఉన్నా నడిసముద్రంలో ఉన్న పడవను కాపాడలేదు. దానికి కావలసినది ముందస్తు హెచ్చరిక. ప్రకృతి రక్షణ గురించిన ఉత్సాహంలో ఈ తేడా చాలాసార్లు మరుగున పడుతుంది.

పునరుద్ధరణకు అసలు మలుపు తమిళనాడు నుంచి వచ్చింది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1990ల తొలి ఏళ్లలో పిచ్చావరం మడ అడవుల్లో, నాటిన మొక్కలు ఎందుకు చనిపోతున్నాయో పరిశీలించి, లోపం మొక్కలో గాక నేల వాలులో ఉందని తేల్చింది. పల్లంగా మారిన పర్రలోకి సహజమైన పాయ నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తీస్తే, పోటు ప్రతిరోజూ లోపలికి వచ్చి ఉప్పును కరిగించి పాటుతో తీసుకుపోతుంది. పైనుంచి చూస్తే వెన్నెముక, దాని పక్కన ముళ్లుగా కనిపించే ఈ అమరికకు చేపముల్లు కాలువ అని పేరు పడింది. 1990ల రెండో భాగంలో అదే సంస్థ, రాష్ట్ర అటవీ శాఖ, గ్రామాల్లోని వన సంరక్షణ సమితులు కలిసి గోదావరి, కృష్ణా మొగల్లో ఈ పద్ధతిని అమలు చేశాయి. కాలువ గోడను నిట్టనిలువుగా గాక వాలుగా చెక్కి, ఆ వాలు నడుమ, పోటుకు తడిసి పాటుకు ఆరే ఎత్తులో తెల్లమడ మొక్కలు పెట్టారు. అంతకన్నా కింద పెడితే మొక్క మునిగిపోతుంది, పైన పెడితే ఉప్పు కాల్చేస్తుంది. జానెడు తేడాలో బతుకో చావో తేలిపోతుంది. కాలువల్లోకి నీటితో పాటు చేప, పీత, రొయ్య పిల్లలూ వచ్చాయి. ఒకప్పుడు దోషులుగా లెక్కకెక్కిన పల్లెల వారే కాలువ తవ్వకానికి కూలీలు, మొక్కలకు కాపలాదారులు అయ్యారు.

ఇందులో తిరగబడిన ఆలోచన ఒకటే. అంతకు ముందు అడవి పెంచడమంటే మొక్క నాటడం. ఇక్కడ అడవి పెంచడమంటే నీటికి దారి ఇవ్వడం, మొక్క ఆ తరువాతి సంగతి. దారి సరిగా ఉంటే, పోటుకు కొట్టుకొచ్చిన విత్తనాలతో నాటని చోట సైతం చెట్లు మొలిచాయి. 1970ల మధ్యలో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టిన జాతీయ సుదూర సంవేదన సంస్థ వంటి కేంద్రాల వల్ల ఉపగ్రహ చిత్రాలతో అడవి విస్తీర్ణం కొలవడం సాధ్యమైంది. కోరంగి చిత్రాల్లో ఆ చేపముల్లు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. నేటి ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవుల విస్తీర్ణం సుమారు 400 చదరపు కిలోమీటర్లు, అందులో పెద్ద భాగం గోదావరి, కృష్ణా మొగల్లోదే.

ఈ అడవి ఉప్పెనను ఎంత ఆపగలదు? వంద మీటర్ల మందమున్న మడ వరుస గాలి కెరటాల ఎత్తును 13 నుంచి 66 శాతం వరకు తగ్గిస్తుందని వివిధ దేశాల కొలతలు చెబుతున్నాయి. ఉప్పెన వంటి పెద్ద నీటి కుప్ప విషయంలో మాత్రం ఒక కిలోమీటరు అడవి దాటేసరికి 5 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు తగ్గుతుంది. అంటే అలకు చెట్టు బలమైన అడ్డు, ఉప్పెనకు వెడల్పు కావాలి. 1999 ఒడిశా మహా తుపానుపై 2009లో వెలువడిన పరిశోధన కేంద్రపడా జిల్లాలో మడ అడవి ఎక్కువ వెడల్పున ఉన్న గ్రామాల్లో మరణాలు తగ్గాయని చూపింది, అయితే ప్రభుత్వ హెచ్చరిక కాపాడిన ప్రాణాలు అంతకన్నా ఎక్కువనీ అదే పరిశోధన ఒప్పుకుంది. కాకినాడకు ఉత్తరాన మడ రక్షణ లేని ఉప్పాడలో ఇసుక నింపిన భారీ సంచులతో కట్టిన గోడను సముద్రం కొద్ది ఏళ్లలోనే చీల్చుకుని వచ్చింది. ఆ గోడకు చెట్టులా తనను తాను బాగుచేసుకునే గుణం లేదు.

2011లో ప్రపంచ పర్యావరణ నిధి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో గోదావరి ముఖద్వార పర్యావరణ వ్యవస్థ పేరిట ఒక ప్రాజెక్టు మొదలై, అటవీ శాఖతో పాటు మత్స్య, రేవు, చమురు, సహజవాయు రంగాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నం చేసింది. అడవి హద్దును ఒక్క శాఖ కాపాడినా, ఆ అడవి తాగే నీటిని పది శాఖలు శాసిస్తాయన్న గుర్తింపు అందులో ఉంది. 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట వద్ద ఇళ్ల స్థలాల కోసం మడ నేలను చదును చేయడంపై వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టి పథకం మళ్లీ తీరాల్లో మడ నాటడం గురించి మాట్లాడింది. అందులో మొక్కల సంఖ్యను లెక్కిస్తారా, కాలువల పూడిక తీయడాన్ని లెక్కిస్తారా అన్నది అసలు ప్రశ్న, ఎందుకంటే చేపముల్లు కాలువ తవ్వి వదిలేస్తే కొద్ది ఏళ్లకు మట్టి నిండి మళ్లీ పర్రగా మారుతుంది.

కాలువలు బాగున్నా మరో లెక్క మిగిలే ఉంటుంది. సముద్రమట్టం పెరుగుతున్నప్పుడు మడ అడవి నిలవాలంటే నది తెచ్చే ఒండ్రుతో నేల కూడా ఏటేటా పైకి లేవాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట తక్కువ ఎత్తుది కాబట్టి వరద నీటితో పాటు మట్టిని చాలావరకు దిగువకు వదిలింది. ఆ తరువాతి శతాబ్దంలో ఎగువన కట్టిన పెద్ద జలాశయాలు అలా కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సముద్రానికి మోసుకెళ్లిన మట్టి దాదాపు 15 కోట్ల టన్నులు కాగా, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది, డెల్టా అంచు పలుచోట్ల వెనక్కి జరిగింది. ఆ మట్టి ఎటు పోయిందో చూడాలంటే సికింద్రాబాద్ నుంచి మంజీర వెంట నడిస్తే చాలు. నిజాం ప్రభుత్వం 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్, దాదాపు 30 టీఎంసీల సామర్థ్యంతో, అంటే 30 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టేలా కట్టినది. అర్ధశతాబ్దం గడవకముందే అందులో సగానికి పైగా చోటును పూడిక ఆక్రమించింది. కోరంగిలో తెల్లమడ వేర్ల చుట్టూ చేరవలసిన మట్టిలో కొంత నేటికీ ఆ జలాశయం అడుగునే ఉంది.